ప్రొపెల్లర్ ముందు నిలబడేవాడు

కెటిల్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉంది. మూడు వైపులే గోడలు. నాలుగో వైపు సరస్సు. చలికాలంలో గడ్డకట్టిన ఆ సరస్సే మాకు విమానాలు దిగే మైదానం.

పొద్దు గుంకాక ఆ షెడ్డు వైపు ఎవరూ వెళ్ళరు.

జనవరిలో ఇక్కడ మధ్యాహ్నం కాఫీ తాగేలోపే పొద్దు గుంకుతుంది. అంటే రోజులో ముప్పాతిక భాగం అటు ఎవరూ వెళ్ళరన్నమాటే. గాలి తగలని మంచి చోటది. అయినా పైలట్లు తమ విమానాలు తెచ్చి, గాలి ఈడ్చికొట్టే దక్షిణపు ఒడ్డున కట్టేసుకుంటారు. రెక్కలు విరిగినా సరే అంటారు.

అక్కడ ఒకడు అడుగుతాడట.

షెడ్డులో ఉన్న పాత విమానం ముక్కు ముందు, ప్రొపెల్లర్‌కి చెయ్యి అందే దూరంలో నిలబడి... గట్టిగా కాదు... పక్కింటివాడు ఉప్పు అడిగినట్టు అడుగుతాడట.

"స్విచ్ ఆఫేనా?"

జవాబు చెప్పకూడదు. చెబితే తిప్పడం మొదలుపెడతాడు. టక్... టక్... అని వినబడుతుంది. ఆ తర్వాత ఏం వినబడుతుందో చెప్పడానికి ఎవరూ అక్కడ ఆగలేదు.

ఈ మాటలు అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. ఆ కాలపు చిన్న విమానాలకి బ్యాటరీ లేదు. ఒకరు లోపల కూర్చుంటారు, ఒకరు బయట నిలబడి ప్రొపెల్లర్ చేత్తో తిప్పుతారు. తిప్పితే చాలు, కావలసిన నిప్పురవ్వ ఇంజనే పుట్టించుకుంటుంది. రవ్వ పుట్టేటప్పుడు లోపల ఒక స్ప్రింగు టక్‌మంటుంది. స్విచ్ ఆఫ్‌లో ఉంటే రవ్వ పుట్టిన చోటే చస్తుంది. ఆన్‌లో ఉంటే ఇంజన్ అంటుకుంటుంది.

చలికి ఇంజన్ బిగుసుకుపోతుంది కదా. అందుకని ముందు స్విచ్ ఆఫ్‌లో ఉంచి, నాలుగైదు సార్లు ఊరికే తిప్పుతారు, నిద్ర లేచినవాడు ఒళ్ళు విరుచుకున్నట్టు. ఆ తిప్పేముందు బయటివాడు అడగాలి. లోపలివాడు చెప్పాలి. చెప్పేదాకా ప్రొపెల్లర్ మీద చెయ్యి పడకూడదు. ఇక్కడ పిల్లలకి ప్రార్థన కన్నా ముందు నేర్పేది ఇదే. ఎందుకంటే ఆ ఊరికే తిప్పడంలో ఇంజన్ అంటుకుందంటే చెయ్యి ఉండదు. కొన్నిసార్లు మనిషే ఉండడు.

ఆర్విడ్ స్కోగ్లుండ్ లేడు.

నాలుగు చలికాలాల కిందటి మాట. ఫిబ్రవరి పొద్దున, అదే షెడ్డులో, ఆర్విడ్ బయట ఉన్నాడు. లోపల సీట్లో వాళ్ళమ్మాయి సిగ్నీ. దానికి పదిహేనేళ్ళు.

"స్విచ్ ఆఫేనా?" అన్నాడట ఆర్విడ్.

"ఆఫ్," అందట పిల్ల.

ఇంజన్ ఒక్కసారి దగ్గింది. ప్రొపెల్లర్ గట్టిగా అరచుట్టు తిరిగి ఆగిపోయింది. ఆ అరచుట్టు చాలింది.

ఊరు పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల సీట్లోనే ఉంది. రెండు చేతులతో స్విచ్ పట్టుకుని ఉంది. స్విచ్ ఆన్‌లో ఉంది.

"ఆపాలని తిప్పాను," అంది. "ఎటు తిప్పానో నాకు తెలీదు."

సిటీ నుంచి విచారణకి మనుషులు వచ్చారు. విమానాన్ని వెచ్చటి వర్క్‌షాపులోకి తీసుకెళ్ళి స్విచ్ విప్పి చూశారు. తీగలు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అంతే అన్నారు. పిల్ల పొరపాటు అని ఎవరూ రాయలేదు, ఎవరూ అననూ లేదు. అందరూ మూస్ దుప్పి మాంసం కూర గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టి, పిల్ల తల నిమిరి వెళ్ళారు.

ఆ నిమరడంతోనే అన్నారు.

మొదటి ఏడాది సిగ్నీ "ఆఫ్‌లోనే ఉందమ్మా" అనేది. రెండో ఏడాది "ఆఫ్‌లోనే ఉందనుకుంటా" అంది. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. విమానం ఎక్కనూ లేదు. రోడ్డే లేని ఈ ఊళ్ళో విమానం ఎక్కని మనిషంటే కాళ్ళు లేని మనిషే.

వాళ్ళమ్మ వెర్నా ఏమీ అడగలేదు. ఏం చెబుతుందో అని భయం. విమానాన్ని తెచ్చి మళ్ళీ అదే షెడ్డులో పెట్టించింది. చెక్క ప్రొపెల్లర్ కొత్తది వేయించింది. ప్రతి వేసవిలో ఇంజన్ ఆయిల్ మార్చేది. ఎలుకలు దూరకుండా గొట్టాల్లో గుడ్డలు కుక్కేది. రెక్కల గుడ్డ చిరిగితే అతుకు వేసేది. తోకని స్తంభానికి కట్టేసి, ఎండలో ఒకసారి స్టార్ట్ చేసి ఆపేది. ఆఫ్ అంటే ఆగేది. ఆగిన ప్రతిసారీ ఆమె గుండెలో కూడా ఏదో ఆగేది.

ఇంతలో షెడ్డులో ఎవడో అడుగుతాడన్న పేరు వచ్చింది.

* * *

శుక్రవారం మధ్యాహ్నం ఎథెల్ నికోలై కొట్లో ఈ మాటలు జరిగాయి. కొట్టూ, పోస్టాఫీసూ, కాఫీ హోటలూ అన్నీ అదే మాకు. ఆర్విడ్ తమ్ముడు ఐనార్ పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. ఊళ్ళో విమానాలన్నీ బాగుచేసేది అతనే.

"రేపు పొద్దున మేం నలుగురం వస్తాం వదినా," అన్నాడు పొయ్యి వైపే చూస్తూ. "ఇంజన్ దించుకుంటాను. మిగతాది షెడ్డుతో పాటు తగలబెట్టేస్తాం."

వెర్నా పిండి సంచీ తూకం చూస్తోంది. తల ఎత్తలేదు. "ఎవరినడిగి?"

"సగం నాది. అన్నయ్యా నేనూ కలిసి కొన్నదే కదా."

"అయితే నీ సగం తగలబెట్టుకో. తోక వైపు తీసుకో."

ఎథెల్ నవ్వు ఆపుకుంది. ఆమెది డెబ్బై దాటిన వయసు. ఊరికంతటికీ పెద్దదిక్కు. "నవ్వులాట కాదే వెర్నా," అంది. "నేను నా చెవులతో విన్నాను. చేపల వల చూసుకుని వస్తున్నాను. అటునుంచి... అడిగాడు."

"ఏమని?"

"తెలీనట్టు అడక్కు. స్విచ్ ఆఫేనా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? బకెట్ వదిలేసి వచ్చాను."

"ఆ బకెట్ మా ఇంట్లో ఉంది. వచ్చి పట్టుకెళ్ళు."

"నీకు భయం లేదూ?" అన్నాడు ఐనార్. "పైలట్ డెల్బర్ట్ వెటకారానికి జవాబు చెప్పాడు. ఏమైంది? ఆ ఏడే మంచు విరిగి విమానంతో సహా నీళ్ళలో పడ్డాడు."

"డెల్బర్ట్ ఏటా పడేవాడే. ఆ ఏడు ఈది బయటపడలేదంతే."

"అది కాదు వదినా. ఊళ్ళో పిల్లలు జడుసుకుంటున్నారు."

"పిల్లలు కాదు. నువ్వు. అన్న పోయిన చోట తమ్ముడు అడుగు పెట్టి నాలుగేళ్ళయింది. పని తెలిసినవాడివి నువ్వు. ఒక్కసారి వచ్చి ఆ విమానం చూశావా?"

ఐనార్ అరచేతులు తిప్పి కాచుకున్నాడు.

అప్పుడు కొట్టు వెనక నుంచి, డబ్బాలు సర్దుతున్న సిగ్నీ అంది. మెల్లగానే అంది.

"తగలబెట్టనీ అమ్మా."

పొయ్యిలో కట్టె ఒకటి కుంగిన చప్పుడు.

"అది అక్కడున్నన్నాళ్ళు..." అంది సిగ్నీ. మిగతాది అనలేదు. ఇంకో డబ్బా ఎత్తి అరలో పెట్టింది. లేబుల్ ముందుకి వచ్చేలా తిప్పి మరీ పెట్టింది.

వెర్నా ఆ చేతుల్నే చూసింది. పంతొమ్మిదేళ్ళ చేతులు. ఆమెకి అప్పుడు తట్టింది. విమానం కాలిపోతే అడగవలసింది కూడా దాంతో కాలిపోతుంది. ఊరి జవాబొక్కటే మిగులుతుంది. ఆ జవాబుతోనే ఈ పిల్ల ముసలిదవుతుంది.

పిండి సంచీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

* * *

ఆమె అనుకున్నది ఇంతే. ఇంజన్ వెచ్చచేసి, స్టార్ట్ చేసి, చక్రాల బదులు అమర్చిన స్కీల మీద విమానాన్ని సరస్సుకి అడ్డంగా నడిపించి తెచ్చి తన వాకిట్లో పెట్టుకోవడం. ఎగరడం ఆమెకి రాదు. మంచు మీద నడపడం వచ్చు. తన కిటికీ కింద ఉన్నదాన్ని ఎవడొచ్చి తగలబెడతాడో చూద్దామనుకుంది.

ఆయిల్ డబ్బా పొయ్యి పక్కన పెట్టి వెచ్చచేసింది. కిరసనాయిలు కుంపటి, ఇంజన్ మీద కప్పే బొంత, మంటలార్పే సిలిండరు, టార్చి, అన్నీ చిన్న స్లెడ్డు మీద వేసుకుని తాడు భుజాన తగిలించుకుంది. ఎవరికీ చెప్పలేదు. బయటికి వచ్చేసరికి చీకటి. సున్నాకి ముప్ఫై ఎనిమిది డిగ్రీల కింద. గాలి లేదు. ఊపిరి బయటికి రాగానే గుసగుసమని గడ్డకట్టే చలి.

షెడ్డులో విమానం ఉన్నచోటే ఉంది. సరస్సు వైపు ముక్కు పెట్టుకుని, కట్టేసిన గుర్రంలా.

వెర్నా తోక తాడు బిగించింది. స్కీలు మంచుకి కరుచుకోకుండా కింద వేసిన దుంగల్ని కాలితో తన్ని చూసింది. ఇంజన్ మీద బొంత నేలదాకా కప్పి, లోపల కుంపటి వెలిగించింది. ఇక అక్కడినుంచి కదలకూడదు. కుంపటిని ఒంటరిగా వదిలేసి కాఫీకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి విమానాలు బూడిదైన కథలు ఈ దేశం నిండా ఉన్నాయి.

నిలబడింది. కాళ్ళు మార్చుకుంటూ నిలబడింది.

రేకు ఒకటి టప్‌మంది. చలికి ముడుచుకుంది, అనుకుంది. సరస్సులో ఎక్కడో మంచు మూలిగింది. పగులు పాకుతోంది, అనుకుంది. బొంత అంచు కదిలింది. లోపలి వేడి పైకి తన్నుతోంది, అనుకుంది. ప్రతి చప్పుడికీ ఒక కారణం చెప్పుకుంది. ఒక్కోదానికి రెండేసి చెప్పుకుంది.

కాసేపటికి విసుగొచ్చింది.

"నువ్వున్నావని నేననుకోను," అంది గట్టిగానే, చీకట్లోకి. "ఒకవేళ ఉంటే... చెప్పేదేదో నాకు చెప్పు. ముసలమ్మల చేత బకెట్లు పారవేయించడం కాదు."

కుంపటి ఒక్కటే బుసబుసమంటోంది.

గంట పైనే పట్టింది. చెయ్యి లోపల పెట్టి చూస్తే ఇంజన్ వెచ్చగా తగిలింది. కుంపటి ఆర్పి దూరంగా లాగేసింది. బొంత తీసింది. వెచ్చటి ఆయిల్ పోసింది. విమానం తలుపు తెరిచి వంగి, పెట్రోలు కుళాయి తిప్పి, పంపు నొక్కి ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మింది. ఇక మిగిలింది ఒక్కటే. స్విచ్ ఆఫ్‌లో ఉంచి, ముక్కు ముందుకెళ్ళి, ప్రొపెల్లర్ నాలుగుసార్లు తిప్పడం.

అడిగేవాళ్ళూ చెప్పేవాళ్ళూ ఇద్దరూ ఆమే. అందుకని వేలితో తడిమి చూసుకుందామనుకుంది. స్విచ్ సీటుకి ఎడమవైపు, తలకి పైన ఉంటుంది. ఎక్కి కూర్చుంటే గానీ సరిగ్గా అందదు.

ఎక్కింది. నాలుగేళ్ళలో చలికాలంలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. లోపల బయటికన్నా చలిగా ఉంది. చేతితొడుగు తీసి స్విచ్ పట్టుకుంది. ఇనుము వేలిని కొరికింది. ఆన్‌కి తిప్పింది. మళ్ళీ ఆఫ్‌కి తిప్పింది. ఆఫ్‌లో ఉంది. సందేహం లేదు.

రెండు ఊపిర్లకే ముందు అద్దం తెల్లగా గడ్డకట్టేసింది. బయట ఏమీ కనబడటం లేదు.

దిగడానికి కాలు బయట పెట్టబోతోంది...

"స్విచ్ ఆఫేనా?"

వెర్నా కాలు అక్కడే ఆగిపోయింది.

ముందునుంచే. ప్రొపెల్లర్ అవతలనుంచే. గట్టిగా కాదు.

ఆ గొంతు ఎవరిదని తర్వాత చాలామంది అడిగారు ఆమెని. చెప్పలేనంది. ముఖానికి ఉన్ని ముసుగు కట్టుకున్న మనిషి గొంతు. ఈ చలిలో అందరి గొంతూ అలాగే ఉంటుంది.

"ఐనార్?" అంది.

జవాబు లేదు. అడుగుల చప్పుడు లేదు. ఈ చలిలో మంచు మీద నక్క నడిచినా కిర్రుమంటుంది.

"ఎవరది?"

తన గుండె కొట్టుకోవడం తన టోపీలోనే వినబడుతోంది. తలుపు తెరిచే ఉంది. దిగి వెనక నుంచి పరుగెత్తితే ఊరు ఎంతో దూరం కాదు. ఎథెల్ బకెట్ పారేసి వచ్చినట్టు, తనూ అన్నీ పారేసి వెళ్ళిపోవచ్చు.

"స్విచ్ ఆఫేనా?"

ఈసారి కాస్త ఓపిగ్గా. లోపలివాళ్ళు తడబడితే బయటివాళ్ళు మళ్ళీ అడుగుతారే, అలా.

జవాబు చెప్పకూడదు. అది తెలుసు ఆమెకి. ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇదే సీట్లో కూర్చుని ఒక పిల్ల చెప్పింది కదా, అనుకుంది వెర్నా. చెబితే ఎవరూ నమ్మలేదు కదా. కన్నతల్లి కూడా అడగలేదు కదా.

కాలు లోపలికి తీసుకుంది. సీట్లో సర్దుకుని కూర్చుంది. బొటనవేలు స్విచ్ మీద పెట్టింది.

"ఆఫ్," అంది. గొంతు వణికింది. వణికినందుకు కోపమొచ్చి మళ్ళీ అంది. "ఆఫ్. నా వేలు దాని మీదే ఉంది. తిప్పుతావో మానతావో నీ ఇష్టం."

విమానం ముక్కు కొంచెం కిందికి వంగింది. ప్రొపెల్లర్ మీద ఎవరో బరువు వేసినట్టు.

టక్...

వేలు తియ్యలేదు.

టక్...

వేలు తియ్యలేదు.

ఇంజన్ అంటుకుంది.

* * *

విమానం మొత్తం వణికింది. తోక తాడు తెగేలా బిగిసింది. తలుపు కొట్టుకుంటోంది. వెర్నా స్విచ్ చూసింది. ఆఫ్‌లో ఉంది. ఆన్‌కి తిప్పింది, ఆఫ్‌కి తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఇంజన్ తన మానాన తాను తిరుగుతోంది. స్విచ్‌తో దానికి సంబంధమే లేనట్టు.

మొదట భయమేసింది.

ఆ తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక వచ్చింది కోపం. నాలుగేళ్ళ కోపం. వర్క్‌షాపు మీద, తల నిమిరిన చేతుల మీద, మూస్ మాంసం గిన్నెల మీద. అన్నిటికన్నా ఎక్కువ తన మీద.

పెట్రోలు కుళాయి కట్టేస్తే ఇంజన్ ఆగుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. కట్టలేదు.

ఇంజన్ వేగం పెంచే థ్రాటిల్ పిడి పట్టుకుని ఇంకాస్త తోసింది. ఊరంతా వినాలి.

విన్నారు. ఎథెల్ కొట్టు తలుపు తెరుచుకుని పసుపు వెలుగు మంచు మీద పడింది. మంచు మీద నడిచే స్నోమొబైళ్ళ దీపాలు ఒకటొకటిగా సరస్సు మీదికి దిగాయి. వేగంగా వచ్చాయి, దగ్గరికొచ్చేకొద్దీ నెమ్మదించాయి. షెడ్డుకి కాస్త ఇవతల వరసగా ఆగిపోయాయి. ఎవరూ దిగలేదు.

ఒక్కరే దిగారు. సిగ్నీ.

ప్రొపెల్లర్‌కి దూరంగా చుట్టూ తిరిగి, రెక్క కిందినుంచి వచ్చింది. నేర్పిన పద్ధతి మరిచిపోలేదు. తలుపు దగ్గర నిలబడి తల్లిని చూసింది.

"అమ్మా. ఆపు."

"నా వల్ల కావట్లేదు," అంది వెర్నా. వెనక సీట్లోకి జరిగింది. "నువ్వాపు. ఎక్కు."

"నేనెక్కను."

"ఎక్కవే. ఒక్కసారి."

సిగ్నీ తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఎక్కింది. చెయ్యి పైకెత్తింది. స్విచ్‌కి కొంచెం దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. వెర్నా ఆ చేతిని పట్టుకోలేదు. తనే పెట్టాలి.

పెట్టింది.

వేళ్ళతో తడిమింది. టార్చి తీసి వెలుగు వేసి చూసింది. ఆఫ్. ఆన్‌కి తిప్పింది. ఆఫ్‌కి తిప్పింది. ఇంజన్ గొంతు మారలేదు. ఆన్. ఆఫ్. ఆన్. ఆఫ్. తిప్పుతూనే ఉంది పిల్ల, చిన్నపిల్లలు దీపంతో ఆడుకున్నట్టు. దాని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెర్నా ముందుకి వంగి, వెనక నుంచి ఆ భుజాలు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

ఐనార్ కూడా చివరికి వచ్చాడు. రెక్క కింద వంగి, లోపల ఏం జరుగుతోందో చూశాడు. సిగ్నీ చెయ్యి పక్కకి తీసి తను తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. పనివాడు కదా, ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వంగి పెట్రోలు కుళాయి కట్టేశాడు.

ఇంజన్ ఉన్న చుక్క తాగేసి, రెండుసార్లు దగ్గి, ఆగింది.

చెవుల్లో గుయ్‌మంటోంది.

"తీగ," అన్నాడు ఐనార్. "స్విచ్ వెనక తీగ. రవ్వని చంపేది అదే. లోపల ఎక్కడో విరిగి ఉంది. వెచ్చగా ఉంటే విరిగిన కొసలు అతుక్కునే ఉంటాయి. చలిలో చాలాసేపు ఉంటే ముడుచుకుని విడిపోతాయి. వర్క్‌షాపులో చూశారు... వెచ్చగానే కదా చూశారు." ఆగాడు. "ఎవరూ దాన్ని ఎప్పుడూ చలిలో చూడలేదు."

"నేను ఆఫ్‌లోనే పెట్టాను," అంది సిగ్నీ.

అడిగినట్టు అనలేదు. ఊరికే అంది.

"పెట్టావు," అంది వెర్నా.

సిగ్నీ ఐనార్ వైపు తిరిగింది. "బాబాయ్."

ఐనార్ టోపీ తీశాడు. ఆ చలిలో టోపీ తియ్యడం తెలివైనవాడు చేసే పని కాదు. "పెట్టావమ్మా," అన్నాడు. "ఆ రోజే నేనొచ్చి చూడాల్సింది. ఈ షెడ్డులోకి రావడానికి ధైర్యం లేక..."

"టోపీ పెట్టుకో బాబాయ్," అంది పిల్ల. "చెవులు రాలిపోతాయి." అని, నాలుగేళ్ళ ఏడుపూ అక్కడే ఏడ్చింది.

స్నోమొబైళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళకి ఏం జరిగిందో ఐనారే వెళ్ళి చెప్పాడు. ఎథెల్ విని "ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పింది మనకి," అంది. ఎవరూ తలెత్తలేదు.

తిరిగొచ్చాక ఐనార్ పని మనిషైపోయాడు. టార్చి నోట్లో పెట్టుకుని స్విచ్ మరలు విప్పడం మొదలుపెట్టాడు. "చలిలో ఉండగానే చూడాలి. లోపలికి తీసుకెళ్తే మళ్ళీ బుద్ధిమంతుడిలా నటిస్తుంది," అన్నాడు. "ఎవరూ ప్రొపెల్లర్ జోలికి పోకండి. వేలు తగిలినా నమ్మకం లేదు."

సిగ్నీ అతనికి వెలుగు పట్టింది. పైలట్ సీట్లో కూర్చునే పట్టింది.

కాసేపయ్యాక ఐనార్ చేతులు ఆగాయి.

"వదినా," అన్నాడు. "ఇంజన్ అంటుకునేటప్పుడు నువ్వెక్కడున్నావు?"

"సీట్లో."

"లోపలా?"

"లోపల. స్విచ్ మీద వేలేసి ఉన్నాను."

"మరి ఎవరు తిప్పారు?"

వెర్నా తెల్లగా గడ్డకట్టిన ముందు అద్దం వైపు చూసింది.

"మేమందరం కొట్లోనే ఉన్నాం," అన్నాడు ఐనార్ మెల్లగా. "ఊరంతా అక్కడే ఉంది." అతను ఇంకో మాట కూడా అనబోయాడు. అనలేదు. కానీ సిగ్నీకి తట్టింది. వెలుగు పట్టిన చెయ్యి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా... ఎవరో తిప్పకపోతే, దిగి నువ్వే తిప్పేదానివి కదూ."

"అవును."

"స్విచ్ ఆఫ్‌లో ఉందనుకుని."

"ఉందనుకుని కాదు. ఉంది," అంది వెర్నా. "ఇక ఆ మాట ఎప్పుడూ అలా అనకు. ఉంది." తర్వాత మరిదితో అంది. "రేపు నలుగురు వస్తామన్నారుగా. రండి. తీగలన్నీ కొత్తవి వెయ్యాలి. షెడ్డుకి పైరేకు ఒకటి లేచిపోయింది, అదీ కొట్టాలి. తగలబెడతామని ఇంకెవడైనా అంటే ముందు నా దగ్గరికి పంపు."

"సరే వదినా," అన్నాడు ఐనార్.

వాళ్ళిద్దరూ తీగ మీదికి తలలు వంచి గుసగుసలాడుకుంటూ ఉన్నారు. వెర్నా దిగింది. రెక్క పట్టుకుని నడుస్తూ ముక్కు ముందుకి వచ్చింది. సరస్సు మీద చీకటి తప్ప ఏమీ లేదు. స్నోమొబైళ్ళు వెళ్ళిపోయాయి.

చేతితొడుగు తీసేసింది.

"వదినా, ముట్టుకోవద్దన్నాను," అన్నాడు ఐనార్ లోపలినుంచి.

ఆమె అరచెయ్యి ప్రొపెల్లర్ చెక్క మీద పెట్టింది. చలికి చర్మం మండింది. కొంచెం పైకి జరిపింది. అక్కడా మండింది. చివరికంటా జరిపింది... తిప్పేవాళ్ళు పట్టుకునే చోటికి.

అక్కడ వెచ్చగా ఉంది.

మనిషి చెయ్యంత మేర. అటు మంచులా చల్లన, ఇటు మంచులా చల్లన. మధ్యలో అది ఒక్కటి, ఇప్పుడే ఎవరో పట్టుకుని వదిలినట్టు.

వెర్నా ఎవరినీ పిలవలేదు. అది చల్లారేదాకా చెయ్యి తియ్యలేదు.